మెజారిటీ రానప్పుడు ముందు సభ ఓటేయాలి

ఆర్యా,

ఎవరికీ మెజారిటీ రాని ప్రతిసారీ ‘ప్రభుత్వ ఏర్పాటుకు పెద్ద పార్టీనే ముందు పిలవాలని రాజ్యాంగంలో ఉంది’ అనే మాట టీవీ చర్చల్లోనూ, మన నల్లగొండ హోటళ్లలోనూ వినపడుతుంది. రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు. ఈ విషయంలో 164వ అధికరణం చెప్పేది రెండే: ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు, మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది. ఎవరి తర్వాత ఎవరిని పిలవాలన్న వరుస, కేంద్ర-రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ 1988లో ఇచ్చినది. ఎన్నికలకు ముందే జట్టు కట్టినవాళ్లు, తర్వాత ఇతరుల మద్దతు చూపే పెద్ద పార్టీ, ఆ తర్వాత అందరూ ప్రభుత్వంలో చేరే కొత్త కూటమి, చివరికి బయటి మద్దతుతో నిలిచే కూటమి. ఇది సిఫారసు మాత్రమే.

అందుకే 2017లో గోవాలో 17 సీట్ల కాంగ్రెస్‌ను కాక 13 సీట్ల బీజేపీని పిలిచారు. మరుసటి ఏడు కర్ణాటకలో 104 సీట్ల బీజేపీని పిలిచి, బల నిరూపణకు 15 రోజులిచ్చారు. సుప్రీంకోర్టు జోక్యంతో మే 19నే పరీక్ష పెట్టాల్సి వచ్చింది; ఓటింగ్‌కు ముందే యడియూరప్ప రాజీనామా చేశారు. గడువు పెరిగేకొద్దీ బేరాలు పెరుగుతాయి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావుకు నెల గడువిచ్చినప్పుడు, ఎమ్మెల్యేలను రాష్ట్రం దాటించి కాపాడుకోవాల్సి వచ్చిన సంగతి తెలుగువాళ్లు మరిచిపోకూడదు.

119 మంది ఉన్న మన సభలో 60 తప్పనిసరి అనుకోవడమూ పొరపాటే. 189వ అధికరణం ప్రకారం హాజరై ఓటేసినవారిలో ఎక్కువమంది ఎటుంటే అటే. 108 మందే ఓటేస్తే 55 చాలు. ఓట్లు సరిసమానమైనప్పుడే స్పీకర్ ఓటేస్తారు. 2019 జులైలో కర్ణాటక ప్రభుత్వం 99–105తో పడిపోయింది. 224 మంది సభలో గైర్హాజరైనవాళ్లే ఫలితం తేల్చారు.

మండల పరిషత్ అధ్యక్షుణ్ణి ఎంపీటీసీలు చేతులెత్తి ఎన్నుకుంటారు, ఆ తర్వాతే ఆయన కుర్చీలో కూర్చుంటారు. ముఖ్యమంత్రి విషయంలో మాత్రం ముందు ప్రమాణం, తర్వాత పరీక్ష! ఎవరికీ మెజారిటీ రానప్పుడు లోక్‌సభ తన నాయకుణ్ణి తానే ఎన్నుకోవాలని, రాజ్యాంగం పనితీరును సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే సూచించింది. 1998లో ఉత్తరప్రదేశ్‌లో ముఖ్యమంత్రి ఎవరన్న వివాదంలో కల్యాణ్ సింగ్, జగదంబికా పాల్‌ల మధ్య సుప్రీంకోర్టు సభలోనే ఓటు పెట్టించింది. 225–196తో కల్యాణ్ సింగ్ నెగ్గడంతో వ్యవహారం తేలిపోయింది.

మేము కోరేది ఇదే. ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ కొత్త సభ్యులచేత ప్రమాణం చేయించిన రోజే, ప్రత్యక్ష ప్రసారంలో, బహిరంగంగా ఓటు జరగాలి. ఎక్కువ ఓట్లు వచ్చినవారినే గవర్నర్ నియమించాలి. ఇందుకు 164వ అధికరణాన్ని సవరించాలి. దానికి రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదు. ఉభయసభల్లో మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటేసినవారిలో మూడింట రెండొంతులు మద్దతిస్తే చాలు. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు ప్రైవేటు బిల్లుగానైనా దీన్ని పెట్టాలి.

— రాజనీతిశాస్త్ర అధ్యాపకులు, నల్లగొండ