అది శబ్దం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలోని వ్యాసం రేడియో టెలిస్కోపులు 'అంతరిక్షపు శబ్దాలను వింటాయి' అని చెప్పింది. అది చదివిన మా మనవడు ఆ శబ్దం తనకూ వినిపించమని పట్టుబట్టడంతో ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. రేడియో తరంగం కాంతి జాతిదే గాని ధ్వని జాతిది కాదు. ఇంట్లో రేడియో పలికేది లోపల స్పీకరు ఉండబట్టి.

నక్షత్రాల నడుమ పరచుకొని ఉన్న చల్లని హైడ్రోజన్ కంటికి ఆనదు. ఆ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల స్పిన్‌లు (బొంగరపు తిరుగుడుతో పోల్చదగిన సహజ గుణం) ఒకే దిశలో ఉన్న స్థితి నుంచి వ్యతిరేక దిశల స్థితికి మారినప్పుడు 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వెలువడుతుంది. ఏ ఒక్క పరమాణువైనా తనంతట తాను అలా మారడానికి సగటున కోటి సంవత్సరాలకు పైనే పడుతుంది. పాలపుంతలో హైడ్రోజన్ అంత అపారంగా ఉండబట్టే ఆ సంకేతం మనకు ఎడతెగకుండా అందుతోంది. డచ్ శాస్త్రవేత్త వాన్ డె హుల్‌స్ట్ 1944లో ఊహించిన ఈ తరంగాన్ని 1951 మార్చి 25న హార్వర్డ్‌లో ఎవెన్, పర్సెల్ పట్టుకున్నారు. కిటికీలోంచి బయటికి తెరుచుకున్న వారి గరాటులాంటి కొమ్ము యాంటెన్నాలో పడ్డ వాననీరు ప్రయోగశాలలోకే కారేదట.

గత అక్టోబరులో నా పూర్వ విద్యార్థులిద్దరు అట్టపెట్టెల లోపల అల్యూమినియం రేకు అంటించి, మా డాబా మీద అలాంటి గరాటు ఒకటి నిలబెట్టారు. సోలార్ కుక్కరా అని పక్కింటివారు అడిగారు. ఆ రాత్రి మబ్బుపట్టి ఒక్క నక్షత్రమైనా కనబడలేదు. అయినా గరాటును పాలపుంత మీదున్న హంస నక్షత్ర మండలం వైపు తిప్పగానే లాప్‌టాప్ తెర మీది గీత ఆ 21 సెంటీమీటర్ల తరంగపు పౌనఃపున్యమైన 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర ఎద్దు మూపురంలా లేచింది, పాలపుంత నుంచి పక్కకు తిప్పితే అణిగింది. మూపురానికి ఎక్కువ పౌనఃపున్యం వైపున్న చిన్న బుడిపె మన వైపు వస్తున్న వాయువుది. శాస్త్రవేత్తలు ఇలాంటి తేడాలు కొలిచి, పాలపుంత సర్పిల భుజాల పటం గీశారు. 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ వరకు ఎవరూ ప్రసారం చేయరాదని అంతర్జాతీయ నిబంధన ఉంది కనుకనే, బ్రాడీపేటలో ఇన్ని సెల్ టవర్ల మధ్య కూడా ఇది సాధ్యపడింది.

పుణె సమీపాన ఖోడద్ దగ్గరి 30 డిష్‌ల టెలిస్కోపు, సుమారు 880 కోట్ల సంవత్సరాల కిందట ఒక గెలాక్సీలో బయలుదేరిన ఇదే తరంగాన్ని అందుకున్నట్లు 2023లో ప్రకటించారు. విశ్వం వ్యాకోచించడం వల్ల 21 సెంటీమీటర్లు ఇక్కడికి చేరేసరికి 48 అయ్యాయి. అక్కడా ఎవరూ ఏమీ వినలేదు. ఇకపై ఇటువంటి వార్తల్లో 'సంకేతం అందింది' అని రాయవలసిందిగా, శాస్త్రవేత్తలు ఆ కొలతలను ధ్వనిగా మార్చి విడుదల చేసినప్పుడు ఆ మాట కూడా ఒక వాక్యంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు