గుట్ట మీది బీళ్లలో సోలార్ నీళ్లు: గొర్రెల కాపరుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కరెంటు స్తంభం చేరని దేవరకొండ దిక్కు గుట్టల మీద జీవాలకు నీళ్లు అందించడమే ఈ ఏడు మన సంఘం పెట్టుకున్న పెద్ద పని. నట్టల మందు తాగించడం, టీకాలు ఎప్పటిలాగే జరిగాయి.

ఎండాకాలం గొర్రెకో మేకకో రోజుకు 6 లీటర్లు, ఆవుకు 50 లీటర్లు అనుకుని లెక్క కట్టాం. 500 జీవాలు, 40 పశువులు దిగే బీడుకు 5,000 లీటర్లు కావాలి. 60 మీటర్ల లోతు నుంచి ఇంత తోడడానికి 1 హెచ్‌పీ డీసీ మోటరు, 1,200 వాట్ల ప్యానెళ్లు ధారాళంగా సరిపోతాయి. బ్యాటరీ అక్కర్లేదు. ఆ డబ్బుతో 10,000 లీటర్ల ట్యాంకు కడితే రెండు రోజులు మబ్బు పట్టినా మంద దాహంతో తిరిగిపోదు.

చిక్కంతా బోరు ఊటలోనే. మన రాతి నేలలో నీళ్లు పగుళ్ల గుండా సన్నగా వస్తాయి. మార్చి దాటితే ఊట ఇంకా తగ్గుతుంది, ఎండ మాత్రం ముదురుతుంది. బోరు గంటకు 800 లీటర్లు ఇస్తుంటే మోటరు మిట్టమధ్యాహ్నం 2,000 లాగుతుంది. నీళ్లు దిగిపోయాక ఒట్టిగా తిరిగి బేరింగులు కాలిపోతాయి. ఈ వేసవిలో ఒక మోటరు ఇట్లనే పోయింది. నీటి మట్టం చూసి, నీళ్లు దిగితే మోటరును ఆపే సెన్సార్ వైరు అసలు కలపనే లేదని పైకి తీశాక తెలిసింది.

అందుకే ఊట కొలవనిదే ఇకమీదట మోటరు దించం. కొలిచేది ఏప్రిల్‌లోనే, వానలు పడ్డాక కాదు. జనరేటర్‌తో 4 గంటలు ఆపకుండా నడిపి, చివర్లో 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూడాలి. 12 నిమిషాలైతే గంటకు 1,000 లీటర్లు, రోజు అవసరానికి దిగులు లేదు. 20 నిమిషాలు పడితే చిన్న మోటరు పెట్టి, మందను రెండు బీళ్లకు పంచుకోవాలి. అప్పుడే ఒక సీసాడు నీళ్లు ఫ్లోరైడ్ పరీక్షకు పంపండి. మన నల్లగొండ నీళ్ల సంగతి తెలిసిందే, దూడల పళ్లకూ మరకలు పడతాయి.

తొట్టి అంచు గొర్రెకు అడుగున్నర మించొద్దు. చుట్టూ 5 అడుగులు షాబాద్ బండలు పరవాలి, లేకుంటే బురదలో గిట్టలు కుళ్లుతాయి, నిలిచిన నీళ్లలో నత్తలు చేరి కార్జపు జలగలు పడతాయి. తొట్టి నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వు మీద ఇనుప మూత వేయండి, మేకలు ఎక్కి విరగ్గొడుతున్నాయి. 15 రోజులకోసారి తొట్టి ఖాళీ చేసి, పాచి గీకి, సున్నం పూయాలి. నల్లరంగు పైపును బండ మీద వదిలేస్తే మే నెలలో మొదట కాగిపోయి వచ్చే నీళ్లకు గొర్రె మూతి పెట్టి వెంటనే తీసేస్తుంది. అడుగున్నర లోతున పూడ్చండి.

ప్యానెళ్లు దక్షిణానికి, 17 డిగ్రీల వాలుతో ఉండాలి. తుమ్మ కొమ్మ నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరసంతా మందగిస్తుంది. దుమ్ము తెల్లవారుజామునే కడగాలి. కాలిన అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లతో కడిగితే గుడ్డతో తుడిచేయండి, లేకుంటే ఉప్పు పొర కడుతుంది.

ప్యానెళ్ల కింది నీడలో జీవాలు పండుకుని స్తంభానికి ఒళ్లు రుద్దుకుంటాయి, దాంతో ఎర్తింగు తీగను పట్టి ఉంచే క్లాంపు వదులవుతోంది. పిడుగుల వానలు మొదలయ్యేలోగా ప్రతి బీడు బాధ్యులు దాన్ని చేత్తో కదిపి చూసి, వదులైతే బిగించాలి.