ఆ రాత్రి మా స్టోర్‌లో నాకు తోడున్నవాళ్లందరికీ

ఐదు వారాలుగా ఇది రాద్దామని కూర్చుంటున్నాను. రెండు ముక్కలు రాయడం, చెరిపేయడం. థ్యాంక్స్ చెప్పాల్సినవాళ్లలో సగం మంది పేర్లు కూడా నాకు తెలియవు, ఆ రాత్రి తర్వాత వాళ్లు మళ్లీ కనపడలేదు. ఆ నోటా ఈ నోటా పడి ఇది వాళ్లదాకా చేరుతుందన్న ఆశతో ఇవాళ పూర్తి చేస్తున్నాను.

నేను పనిచేసే స్టోర్‌లో దోపిడీ జరిగిన సంగతి చాలామందికి తెలుసు. మూసే వేళకు ఇరవై నిమిషాల ముందు. కౌంటర్‌లో నేను, వెనక గదిలో స్టాక్ సర్దుతూ మా కుర్రాడు, లోపల నలుగురు కస్టమర్లు. టోపీ పెట్టుకున్న ఒకతను నేరుగా కౌంటర్ దగ్గరకు వచ్చి, తుపాకీ తీసి, డ్రాయర్ ఖాళీ చెయ్యమన్నాడు. చేశాను. వెళ్లిపోయాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదని తర్వాత కెమెరాలో చూస్తేనే నమ్మాను.

ముందుగా మా సీనియర్ అక్కకు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆవిడ నన్ను కౌంటర్ వెనక నిలబెట్టి, తను దొంగలా ఇవతల నిలబడి, పదిసార్లు ప్రాక్టీస్ చేయించింది. అప్పట్లో నాకు విసుగొచ్చింది కూడా. "చేతులు వాడికి కనపడేలా ఉంచు. ఏ పని చేసినా ముందు నోటితో చెప్పి తర్వాత చెయ్యి. వాడు ఉలిక్కిపడే పరిస్థితి రానివ్వకు" అనేది. ఆ రాత్రి నా నోట్లోంచి వచ్చినవన్నీ ఆవిడ మాటలే. "డ్రాయర్ తెరుస్తున్నాను." "కవరు కింద ఉంది, వంగుతున్నాను." అన్నిటికంటే ముఖ్యంగా, "వెనక గదిలో ఒక అబ్బాయి ఉన్నాడు, బయటికి రావచ్చు." నేను ఆ మాట అన్న కాసేపటికే వాడు అట్టపెట్టె పట్టుకుని తలుపు తోసుకుని వచ్చాడు. తుపాకీ అటు తిరిగింది కానీ, ఆ మనిషి కంగారు పడలేదు. ముందే చెప్పకపోయి ఉంటే ఆ క్షణం ఎలా ఉండేదో ఇప్పటికీ ఆలోచించలేను. అక్కా, ఆ కుర్రాడు ఇవాళ నా పక్కన నిలబడి పనిచేస్తున్నాడంటే నీ వల్లే.

తర్వాత, పేరు తెలియని ఆ పెద్దావిడకు. దొంగ వెళ్లిపోయాక కూడా నా చేతులు డ్రాయర్‌ని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది ఆవిడే. "నిలబడకమ్మా, కింద కూర్చో" అని నన్ను నేలమీద కూర్చోబెట్టి, మా కుర్రాడితో తలుపు గడియ వెయ్యమంది. వాడు పరుగెత్తబోతే ఇంకో కస్టమర్, కాలేజీ వయసు అబ్బాయి, ఆపాడు: "ఆగు, వాడు ఆ గాజు మీద అరచెయ్యి పెట్టి తోశాడు. ముట్టుకోకు." పై గడియ మాత్రమే వేశారు. వేలిముద్రలు తీసేవాళ్లు వచ్చేదాకా ఆ గాజును ఎవరూ తాకలేదు. అంత గందరగోళంలో ఆ సంగతి గమనించిన తమ్ముడూ, నీకూ థ్యాంక్స్.

పోలీసులకు ఫోన్ చేసిన వెంటనే ఆ పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని, బిల్లు రోల్ చింపి తలా ఒక ముక్క ఇచ్చింది. "ఒకరితో ఒకరు మాట్లాడుకోకండి. ఎవరు చూసింది వాళ్లు రాయండి. మాటలు తర్వాత." ఆ సమయంలో నాకది వింతగా అనిపించింది. కానీ కేసు చూస్తున్న ఆఫీసర్ ఆ కాగితాలు చూసి, ఇలాంటి పని చేసినవాళ్లు చాలా తక్కువ అన్నారు. నలుగురూ కలిసి మాట్లాడుకుంటే ఒకరి జ్ఞాపకంలోకి ఇంకొకరి మాట వచ్చి చేరుతుందట, ఆ తర్వాత తను నిజంగా చూసిందేదో, విన్నదేదో ఆ మనిషికే తెలియదట. ఒకరి కాగితంలో ఎడమచేతి వాటం అని ఉంది. ఇంకొకరి దాంట్లో బూటు లేసు ఊడిపోయి ఉందని. నాది ఖాళీ.

అవును, ఖాళీ. అరచేతి దూరంలో నిలబడిన మనిషి ముఖం నాకు గుర్తులేదు. తుపాకీ గొట్టం చివర నలుపు గీసుకుపోయి, గోరంత మేర లోహం తెల్లగా మెరుస్తోంది. అదొక్కటే ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఆఫీసర్ ముందు సిగ్గుతో ఏడ్చేశాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, ఇది మీ తప్పు కాదమ్మా, ఆయుధం ఎదురుగా ఉన్నప్పుడు చూపు దానికే అతుక్కుపోతుంది అని ఓపిగ్గా చెప్పారు. తర్వాత నేనే వెతికి చదివాను. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్, ఇంకో ఇద్దరితో కలిసి 1987లో ప్రచురించిన పరిశోధన ఉంది. కొందరికి కౌంటర్ దగ్గర ఒకతను క్యాషియర్‌కి చెక్కు ఇస్తున్నట్టు, ఇంకొందరికి అదే మనిషి తుపాకీ చూపిస్తున్నట్టు స్లైడ్లు చూపించి, వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో కొలిచారు. తుపాకీ మీద చూపు ఎక్కువసార్లు, ఎక్కువసేపు నిలిచింది. ఆ తుపాకీ చూసినవాళ్లకు మిగతా విషయాలు సరిగ్గా గుర్తులేవు. అది చదివిన రాత్రి చాలా రోజుల తర్వాత నాకు నిద్ర పట్టింది. ఆఫీసర్ గారూ, ఆ ఒక్క మాటకు మీకు నమస్కారం.

ఇక జనం మాటలు. దీని గురించి రాయకూడదనుకున్నాను కానీ, రాయకపోతే మిగతా థ్యాంక్స్‌కి అర్థం ఉండదు. "అంతా ఇచ్చేశావా?" "అలారం బటన్ ఎందుకు నొక్కలేదు?" "అక్కడ నేనుంటేనా..." మర్నాటి నుంచి ఇవే. ప్రేమతో అన్నవాళ్లూ ఉన్నారని తెలుసు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా చేతులు మళ్లీ డ్రాయర్ మీదికి వెళ్లేవి. బటన్ నొక్కాల్సింది వాడి కళ్లు మన చేతుల మీద లేనప్పుడు. వాడు గడప దాటాక నొక్కాను. డబ్బు ఇచ్చేశాను, ఏడుగురం ప్రాణాలతో ఇళ్లకు వెళ్లాం. ఆ ఏడుగురిలో వాడూ ఉన్నాడు. ఆ లెక్కలో నాకు సందేహం లేదు.

ఈ మాట నా కంటే ముందు నాకు చెప్పింది మా ఓనర్. సగం రాత్రి పరుగెత్తుకొచ్చిన మనిషి ఎంత పోయిందని అడగలేదు. "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నారు. లేదంటే, "అయితే ఏమీ పోలేదు, ఇచ్చేసి మంచి పని చేశావు" అన్నారు. సార్, ఆ వాక్యాన్ని పట్టుకునే నేను మళ్లీ డ్యూటీకి రాగలిగాను.

కౌంటర్ కింద తుపాకీ పెట్టుకోమని ఆయనకు సలహా ఇచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఆయన వద్దన్నారు, నేనూ వద్దన్నాను. నా వెనకాల మనుషులున్నప్పుడు ఇంకో తుపాకీ వల్ల నాకు ధైర్యం రాదు. దానికి బదులు, కిటికీ అద్దాల నిండా ఉన్న ఆఫర్ పోస్టర్లన్నీ పీకేశాం. ఇప్పుడు రోడ్డు మీద నడిచేవాళ్లకు కౌంటర్ పూర్తిగా కనపడుతుంది. డ్రాయర్‌లో కొంచెమే క్యాష్ ఉంటుంది, మిగతాది ఎప్పటికప్పుడు మేము తెరవలేని సేఫ్‌లోకి వెళ్తుంది, ఆ సంగతి తలుపు మీదే రాసి పెట్టాం. మూసేటప్పుడు ముందువైపు ఇద్దరం ఉంటాం. ఇవి కొత్త ఆలోచనలేం కావు. 1970లలోనే అమెరికాలో సెవెన్ ఎలెవెన్ దుకాణాల కోసం, ఒకప్పుడు దోపిడీలు చేసినవాళ్లనే అడిగి మరీ ఇలాంటి పద్ధతులు తయారుచేశారు. దొంగ చూసేది ఎంత దొరుకుతుంది, ఎవరు చూస్తారు, ఎంత త్వరగా బయటపడొచ్చు అని. పోస్టర్లు అంటించిన రోజున ఇదంతా మాలో ఎవరికీ తట్టలేదు.

ఇరుగుపొరుగు షాపులవాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎవరూ మీటింగ్ పెట్టలేదు, ఏమీ అనుకోలేదు. రెండో రోజు నుంచి వరుసలో అన్ని షట్టర్లూ ఒకేసారి దిగడం మొదలైంది. అందరం కలిసి మెయిన్ రోడ్డు దాకా నడుస్తున్నాం, ఇప్పటికీ.

ఈ రోజుల్లో ఎవరికి ఎవరూ పట్టరని ఒకాయన నాతో అన్నారు. ఒప్పుకోను. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల్లో బహిరంగంగా జరిగిన గొడవల కెమెరా వీడియోలు 219 పరిశీలిస్తే, పదింట తొమ్మిదింటిలో ఎవరో ఒకరు కల్పించుకుని సాయపడ్డారని 2019లో ఒక పరిశోధన బయటికొచ్చింది. ఆయుధం ఉన్నప్పుడు ఎవరూ అడ్డు వెళ్లకూడదు, మీరెవరూ వెళ్లకపోవడమే నాకు పెద్ద సాయం. కానీ వాడు వెళ్లిన మరుక్షణం నలుగురు కస్టమర్లలో ఒక్కరు కూడా తమ దారిన తాము పోలేదు. అర్ధరాత్రి దాటేదాకా అక్కడే ఉన్నారు.

పెద్దమ్మా, మీ కళ్లజోడు నా దగ్గరే ఉంది. మాకు కాగితాలు పంచే హడావుడిలో కౌంటర్ మీద మర్చిపోయారు. గోధుమరంగు ఫ్రేము, ఎడమ కాడకు దారం చుట్టి ఉంది. బిల్లు మెషీన్ పక్క అరలో, మెత్తటి గుడ్డలో పెట్టాను. నా షిఫ్ట్ సాయంత్రం నుంచి మూసేదాకా. నేను సెలవులో ఉన్నా మా కుర్రాడికి చెప్పి ఉంచాను, ఒక్కసారి రండి.