ఖోకా ఎక్కడ పడిందో అడగండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం దేశీ రైఫిళ్ల మీద మీరు వేసిన కథనం చదివాను. ‘పరీక్షల్లో కొత్త రైఫిల్ మొరాయించింది’ అని ఒక్క ముక్క రాసి, అక్కడి నుంచి టెండర్లు, దిగుమతులు, ఎవరి హయాంలో ఏం జరిగింది అనేదాంట్లోకి వెళ్లిపోయారు. రాజకీయం మీ ఇష్టం. మొరాయించిందన్న మాట మాత్రం నాలాంటివాడికి ఏమీ చెప్పనట్టే. సైన్యంలో ఆయుధాలు, యంత్రాలు బాగుచేసే విభాగమైన ఈఎంఈకి సికింద్రాబాద్‌లో ఉన్న సెంటర్లో రంగరూటుగా చేరి, ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, కోత్‌లలో (ఆయుధాలు భద్రపరిచే గదుల్లో), ఫైరింగ్ రేంజ్‌లలో సర్వీసంతా గడిపి రిటైరైనవాణ్ణి. రైఫిల్ ఆగిందంటే మా ఉస్తాదు తుపాకీని ముట్టుకునేవాడు కాదు, ముందు నేలకేసి చూసేవాడు. ఖాళీ ఖోకా, అంటే పేలిన తూటా వదిలిన తొడుగు, ఎక్కడ పడిందని.

ఎందుకో చెబుతాను. తూటా పేలగానే గొట్టంలోని గ్యాస్‌లో కొంత ఒక చిన్న రంధ్రం గుండా పైకి వచ్చి పిస్టన్‌ను తోస్తుంది. గొట్టం వెనక చివరను మూసి ఉంచే బోల్టు తాళం విడి వెనక్కి పోతూ ఖోకాను చాంబర్లోంచి, అంటే తూటా కూర్చునే గదిలోంచి, లాగి బయటికి విసురుతుంది. స్ప్రింగు బోల్టును మళ్లీ ముందుకు తోసినప్పుడు అది తూటాల పెట్టె అయిన మ్యాగజీన్‌లోంచి కొత్త తూటాను ఎత్తుకుని చాంబర్లో పెట్టి తాళం వేసుకుంటుంది. కన్ను మూసి తెరిచేలోగా ఇదంతా అయిపోవాలి. గ్యాస్ చాలకపోతే బోల్టు సగం దూరం పోయి తిరిగొస్తుంది. అప్పుడు ఖోకా కాళ్ల దగ్గర చతికిలబడుతుంది, లేదా అది బయటపడే కిటికీలోనే ఇరుక్కుంటుంది. ఖోకా బయటపడినా బోల్టు కొత్త తూటాను అందుకోలేక ఉత్తగా మూసుకోవచ్చు. గ్యాస్ ఎక్కువైతే కథ వేరు. ఖోకా ఎక్కడికో ఎగిరిపోతుంది, దాని అంచు చిరిగి ఉంటుంది, మ్యాగజీన్ స్ప్రింగు తూటాను పైకి తెచ్చేలోపే బోల్టు దాటిపోతుంది. రెండు సందర్భాల్లోనూ రైఫిల్ ఆగిపోయిందనే రాస్తారు. రెంటికీ చికిత్స మాత్రం పూర్తిగా విరుద్ధం.

మా రోజుల్లో సైన్యం వాడిన ఇషాపూర్ 1ఏ1 ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌కు గ్యాస్ రెగ్యులేటర్ ఉండేది. అదనపు గ్యాస్‌ను బయటికి వదిలే ఏర్పాటు అది. మొదట బాగా వదులు చేసి కాల్చేవాళ్లం, రైఫిల్ కావాలనే ఆగేది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా బిగిస్తూ, ఖోకా శుభ్రంగా బయటపడే చోటు దొరికాక, మురికి పట్టినా నడవాలి కాబట్టి ఇంకాస్త బిగించి వదిలేవాళ్లం. ఒకే ఫ్యాక్టరీలో ఒకే వారంలో తయారైన రెండు రైఫిళ్లకు కూడా ఆ చోటు ఒకటే ఉండాలని లేదు.

గ్యాస్ గురించి ఇంత చెప్పానని దాన్నే ముందు అనుమానించమని కాదు. మొదట చూడాల్సింది మ్యాగజీన్. వాటి మీద సుద్దతో నంబర్లు వేసి, ఆగిన రైఫిల్ మ్యాగజీన్‌ను నడుస్తున్న రైఫిల్‌కు మార్చి చూస్తే, జబ్బు దాంతోపాటే పోయిందో లేదో తేలిపోతుంది. తర్వాత తూటాల లాటు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, మార్చాలి. ఆ తర్వాత చాంబర్‌ను పుల్‌త్రూతో (గొట్టంలోంచి లాగే తాడు), చిందీతో (గుడ్డ పీలిక) శుభ్రం చేసి, కదిలే భాగాలకు పల్చగా నూనె రాయాలి. ఇవన్నీ అయ్యాకే గ్యాస్ రంధ్రం, స్ప్రింగు. కొందరు కుర్ర ఇంజనీర్లు ఈ వరసను తిరగేస్తారు. రంధ్రం ఒకసారి పెద్దది చేస్తే మళ్లీ చిన్నది చేయలేం, గొట్టమే మార్చాలి.

కొత్త రైఫిల్ మొదట్లో కొంత బిగుతుగా ఉండటం నిజమే, కొత్త చెప్పు కరిచినట్టు. కొన్ని వందల రౌండ్లు కాలిస్తే రాపిడి తగ్గి సర్దుకుంటుంది. తయారీదారులకు చాలా ఇష్టమైన సమాధానం కూడా ఇదే. ఆగడం రౌండ్లతోపాటు తగ్గుతూ వస్తే వాళ్లను నమ్మవచ్చు. అదే రకంగా, అదే చోట ఆగుతూ ఉంటే అది రాపిడి కాదు, నిర్మాణంలోని లోపం.

దీనికి నాకు తెలిసినంతలో పెద్ద సాక్ష్యం అమెరికా ఎం1 గారండ్. జాన్ గారండ్ రూపొందించిన ఈ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను అక్కడి సైన్యం 1936లో తీసుకుంది. ఎనిమిది తూటాలను ఒక ఇనుప క్లిప్పుతో సహా లోపలికి నొక్కేవాళ్లు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో ఉత్పత్తి మొదలయ్యాక కొత్త రైఫిళ్లు ఆగడం మొదలుపెట్టాయి. ఎక్కువగా ఏడో రౌండు దగ్గరే. చేత్తో చేసిన నమూనాల్లో ఈ బాధ లేదు. తీరా చూస్తే, యంత్రాలపై కోత సులువవుతుందని లోపల క్లిప్పుకు ఆనుడుగా ఉండే లోహంలో కొంత తీసేశారు. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ ముక్క లేకపోతే చివరి తూటాలు పక్కకు ఒరిగిపోతున్నాయి. ‘ఏడో రౌండు’ అని ఎవరో లెక్క రాసి ఉండకపోతే గ్యాస్ మీదా గ్రీజు మీదా ఏళ్లు గడిచిపోయేవి.

వియత్నాంలో ఎం16 కథ ఇంతకన్నా చేదు. తూటాలోని మందు రకాన్ని మార్చారు, చాంబర్‌కు క్రోమియం పూత వేయలేదు, పైగా ఈ తుపాకీకి శుభ్రం చేసే పని పెద్దగా ఉండదన్న ప్రచారం వల్ల సైనికులకు సరిపడా క్లీనింగ్ కిట్లు కూడా ఇవ్వలేదు. ఖోకాలు చాంబర్లో అతుక్కుపోయి మనుషులు పోయారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపి తప్పు వ్యవస్థదని తేల్చేదాకా, తుపాకీ సరిగా తుడవడం రాదని నింద జవాన్ల మీదే పడింది.

మన దగ్గరా ఇలాంటిదే. కార్గిల్ చలిలో మన దేశీ రైఫిల్ ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజీన్లు పగిలాయని మీ పత్రికలే రాశాయి. 2005లో నేపాల్ సైన్యం, మావోయిస్టులతో జరిగిన కాలికోట్ పోరులో ఇన్సాస్ సరిగా పనిచేయలేదని బహిరంగంగా అంది. వాడటం రాకనే అన్నట్టు మనవాళ్లు జవాబిచ్చారు. ఏ మ్యాగజీన్, ఏ లాటు తూటా, ఎంత కాల్చాక ఆగింది అన్న లెక్క ఇటూ అటూ ఎవరూ జనం ముందు పెట్టలేదు. కాబట్టి ఇవాళ్టికీ ఇద్దరూ తమదే నిజమంటారు. ఇన్సాస్ పూర్తిగా చెత్త అనేవాళ్లతో నేను ఏకీభవించను, గొప్ప ఆయుధమనీ అనను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2024 జనవరిలో బయటపెట్టిన ‘ఉగ్రం’ రైఫిల్‌ను పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల, హైదరాబాద్ కంపెనీ కలిసి చేశాయి. 7.62 మిల్లీమీటర్ల తూటా, నాలుగు కిలోల లోపు బరువు, తయారీకి వంద రోజుల లోపు సమయం అని మీరే గర్వంగా వేశారు. వంద రోజుల్లో రైఫిల్ చేయడం గొప్పే, కాదనను. నాకు కావాల్సింది ఆ తర్వాతి లెక్క. ఇలాంటి తుపాకీలు ఇకపై మన ఊళ్ల పక్కనే తయారవుతాయి, మా మాధవరం కుర్రాళ్లే వాటిని మోస్తారు.

అందుకని విన్నపం. మీ విలేకరి ఈసారి ఆయుధ ప్రదర్శనకు వెళ్లినప్పుడు తుపాకీ పట్టుకుని ఫొటో దిగాక, పరీక్షల రిజిస్టర్ గురించి అడగాలి. మొత్తం ఎన్ని రౌండ్లకు ఎన్నిసార్లు ఆగింది, ప్రతిసారీ ఎన్నో రౌండు, ఏ మ్యాగజీన్, ఏ లాటు, ఖోకా లోపలుందా బయటుందా, దేన్ని మార్చాక బాగుపడింది? రహస్యమని తప్పించుకుంటే, కనీసం మొదటి రెండు అంకెలైనా చెప్పమనండి. అవి కూడా ఇవ్వనివాళ్ల పేరు, ఇవ్వలేదన్న మాటతో సహా, అదే ఆదివారం పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్ (ఆర్మరర్), ఈఎంఈ
మాధవరం, పశ్చిమ గోదావరి జిల్లా