బ్రాడీపేట నుంచి చంటికి

గుంటూరు, ఆదివారం

చిరంజీవి చంటికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మూడు వారాలుగా నీ ఫోను లేదు. పరీక్షలని తెలుసు కనుక నేనేమీ కంగారు పడటం లేదు. మొన్న తెనాలి పెళ్లిలో సుశీలత్తయ్య నన్ను పక్కకు పిలిచి ఏదో చెప్పబోయింది గానీ, వడ్డన మొదలైందని లేచి వచ్చేశాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు, నువ్వు పంపిన మెసేజ్ గురించి: "రూమ్మేట్ సాంబారు చేశారు, తిన్నాను, పడుకుంటున్నాను."

ఆ "చేశారు" దగ్గర ఆగిపోయాను. కిశోర్ నీ గదిలో ఉన్నన్నాళ్లూ "వాడు అన్నం మాడ్చాడు" అనే రాసేవాడివి. మన భాషలో ఒక్క మనిషి గురించి చెప్పాలంటే "చేశాడు" అనో "చేసింది" అనో తేల్చక తప్పదు, గౌరవ బహువచనం ఒక్కటే ఆ ఇబ్బందిని దాటిస్తుంది. ముప్పై రెండేళ్లు హిందీ పండిట్‌గా పిల్లల లింగవచనాలు దిద్దిన దాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేననుకున్నావా? 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిచి మగవాళ్లను చెప్పే మాటలు మహత్తు, మిగతావన్నీ అమహత్తు అని నీకు పదో తరగతిలోనే చెప్పాను. ఏకవచనంలో ఆడపిల్లా, ఆవూ, మంచమూ అన్నీ "వచ్చింది"లోనే చేరతాయి. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి "వచ్చారు" అవుతారు, ఆవులూ మంచాలూ "వచ్చాయి" దగ్గరే ఉండిపోతాయి. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి మంచంతో పొత్తు కలిపిన ఈ ఏర్పాటు నాకెన్నడూ నచ్చలేదు, అది వేరే సంగతి.

పైగా "రూమ్మేట్" అని ఇంగ్లీషు మాట వెతుక్కున్నావు. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషుకూ మూడు లింగాలు ఉండేవి, "వైఫ్"కు మూలమైన మాట అప్పట్లో నపుంసకలింగం. తరువాత ప్రత్యయాలు అరిగిపోవడంతో లింగాలూ జారిపోయి, ఇప్పుడు "హి", "షి", "ఇట్" వంటి సర్వనామాల్లోనే మిగిలాయి. నువ్వు సర్వనామం దాకా రానే లేదు.

నువ్వున్న జర్మనీ దేశపు భాషలో ఇలా దాటవేయడం కుదరదు. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకమని నువ్వే నవ్వుతూ చెప్పావు. ఎదురింటి లావణ్య జర్మన్ క్లాసులకు వెళుతోంది కదా, ఆ పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో కలిసి ఉండేది మగవాడైతే "మిట్‌బెవోనర్", ఆడపిల్లయితే "మిట్‌బెవోనరిన్" అట. ఇంటి ఓనరుకు ఏ మాట చెప్పావో అదే నాకూ చెప్పవచ్చు. అంతగా దాచాలంటే తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ నేర్చుకో. అందులో నామవాచకాలకు పదికి పైగా తరగతులున్నా ఆడా మగా తేడా లేదని దారెస్సలాములో ఉన్నప్పుడు మీ బాబాయి రాసేవాడు.

1989లో ఆగ్రాలో శిక్షణకు వెళ్లినప్పుడు మెస్సులో మొదటిరోజే పెరుగు పుల్లగా ఉందని చెప్పబోయి, దాన్ని స్త్రీలింగం చేసి "దహీ ఖట్టీ హై" అన్నాను. వంటాయన గరిటె కింద పెట్టి, "బహన్‌జీ, దహీ ఖట్టా హోతా హై" అన్నాడు. ఈకారాంతం స్త్రీలింగమని మా పుస్తకంలో ఉందని నేను వాదానికి దిగాను. పానీ, ఘీ, మోతీ, హాథీ అంటూ ఆయన వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే పుంలింగమని లెక్కపెడుతుంటే వరుసలో అందరూ నవ్వారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మరునాడు మా గదిలోని బిహారు అమ్మాయి అదే పెరుగును "ఖట్టీ" అంది. ఆయన ఆమెనూ దిద్దబోతే, "మా ఊళ్లో పెరుగు ఆడదే, మీరు వచ్చి మా అమ్మకు చెప్పండి" అని గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. నేను కూడా రెండోసారి వడ్డించుకున్నాను. పెరుగు లింగం తేలకపోయినా పెరుగన్నం తినవచ్చు. రూమ్మేట్ సంగతి అలా కాదు నాయనా.

నాకేమీ అభ్యంతరం ఉందని కాదు. వయసొచ్చిన పిల్లలు ఇంటి పరువును గుర్తుపెట్టుకుని, చదువు పూర్తయ్యేదాకా మనసు చెదరకుండా... సరే, ఉపన్యాసం వద్దనుకునే మొదలుపెట్టాను. చెవులకు మఫ్లరు కట్టుకో. తలకు నూనె రాసుకుని చన్నీళ్లు పోసుకోకు.

గోంగూర పచ్చడి, కందిపొడి పార్సెల్ చేస్తున్నాను. ఈసారి ఇద్దరికి సరిపోయేంత పెట్టాను, గుంటూరు కారమే వేశాను. మీ రూమ్మేట్ అంత కారం తినగలిగేదీ లేనిదీ వెంటనే రాయి. "తింటాడు" అని రాసినా సరే, "తింటుంది" అని రాసినా సరే. "తింటారు" అని మాత్రం రాయకు.

అమ్మ