కోటిన్నర కారుకు కూడా పన్ను మాఫీయేనా?

సంపాదకులకు నమస్కారం.

మా పెద్దబావగారు ఈ మధ్య కారు మార్చారు. ఆయన అపార్ట్‌మెంట్లు కట్టి అమ్ముతారు, సంపాదన బాగానే ఉంది. నాకు కార్లంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి అని తెలుసు కాబట్టి షోరూమ్‌లకు నన్నూ వెంటబెట్టుకెళ్లారు. తిరిగి తిరిగి చివరికి రెండు కార్ల దగ్గర ఆగారు. ఒకటి ఆరు సిలిండర్ల పెట్రోల్ కారు, రెండోది అదే స్థాయి ఎలక్ట్రిక్ కారు. రెండింటి షోరూమ్ ధరా కోటిన్నరకు అటూ ఇటూగా ఉంది.

రెండూ నడిపి చూశాం. పెట్రోల్ కారు ఇంజన్ శబ్దం వింటుంటే ఒళ్లు పులకరించింది, అది నిజం. కానీ పికప్‌లో ఎలక్ట్రిక్ కారే ముందుంది. పెట్రోల్ ఇంజన్ కాస్త వేగంగా తిరిగితే గానీ దాని అసలు బలం బయటికి రాదు. మోటారుకు ఆ ఆలస్యం లేదు. కాలు మోపగానే ఉన్న బలమంతా చక్రాలకు అందుతుంది. ఇక గంటకు 250 కిలోమీటర్ల వేగం మన దగ్గర ఎవరికి పనికొస్తుంది? ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా పరిమితి 120 కదా. బావగారు ఎలక్ట్రిక్ కారే తీసుకున్నారు. అందుకు నాకు సంతోషమే.

అయితే ఆయన ఆ నిర్ణయానికి వచ్చింది పికప్ చూసి కాదు, పొగ గురించి ఆలోచించి అంతకంటే కాదు. ఆన్‌రోడ్ ధర కాగితం చూసి. కోటిన్నర పెట్రోల్ కారుకు తెలంగాణలో లైఫ్ ట్యాక్స్, అంటే కొన్నప్పుడే ఒకేసారి కట్టే రోడ్డు పన్ను, తక్కువలో తక్కువ 18 శాతం వేసుకున్నా 27 లక్షలు అవుతుంది. ఎలక్ట్రిక్ కారుకు సున్నా. జీఎస్టీలో తేడా దీనికి అదనం. 2025 సెప్టెంబరు నుంచి పెద్ద పెట్రోల్ కార్ల మీద 40 శాతం ఉంటే, ఎలక్ట్రిక్ కారు ఎంత ఖరీదైనదైనా 5 శాతమే. జీఎస్టీ రాష్ట్రం ఒక్కటే మార్చగలిగింది కాదు. లైఫ్ ట్యాక్స్ మాత్రం పూర్తిగా మన రాష్ట్రం చేతిలో ఉన్నది. నా బాధంతా దాని గురించే.

2024 నవంబరులో ప్రభుత్వం ఇచ్చిన జీవో 41 ప్రకారం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు నూరు శాతం మాఫీ. 2020 నాటి పాలసీలో కార్లయితే మొదటి 5,000 వరకే అని లెక్క ఉండేది. కొత్త జీవో ఆ లెక్క తీసేసింది. తీసేయడం మంచిదే, ఎక్కువమందికి అందాలి. కానీ వాహనం ఎంత ధర వరకు అన్న గీత ఎక్కడా లేదు. స్కూటర్ కొన్న డిగ్రీ కుర్రాడికీ మా బావగారికీ ఒకటే మాఫీ. శాతం ఒకటే కావొచ్చు, ఆయనకు మిగిలింది మాత్రం 27 లక్షలు. అడగకుండానే మిగిలింది.

మా వీధి చివర ఒక ఆటో అతను ఉన్నాడు. ఎలక్ట్రిక్ ఆటోకు మారాలని ఏడాదిగా అనుకుంటున్నాడు. నువ్వు మారితే పన్ను లేదు కదా అని నేను అంటే, "ఇప్పుడు మాత్రం ఎక్కడుంది సార్? ఆటోలకు ట్యాక్స్ ఎప్పుడో తీసేశారు. నా టెన్షన్ ఛార్జింగ్ గురించి. అద్దింట్లో ఉంటున్నా, ఓనరు పాయింట్ పెట్టనివ్వడు" అన్నాడు. నిజమే, ఆటోలకు రోడ్డు పన్ను తెలంగాణ ఏర్పడిన కొత్తలోనే రద్దయింది. కాబట్టి ఈ మాఫీలో అతని చేతికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. అతనికి కావలసింది తక్కువ వడ్డీకి అప్పు, స్టాండు దగ్గర ఛార్జింగ్.

బ్యాటరీల లెక్క ఒకసారి చూడండి. పెద్ద లగ్జరీ ఎలక్ట్రిక్ కారులో దాదాపు 100 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉంటుంది. ప్రయాణికుల ఆటోలో ఉండేది ఏడెనిమిది యూనిట్లది. అంటే ఒక్క కారులో పెట్టిన బ్యాటరీతో పన్నెండు, పదమూడు ఆటోలు నడుస్తాయి. బావగారి కారు ఇంటి నుంచి సైటుకు, సైటు నుంచి ఇంటికి రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. మిగతా సమయమంతా సెల్లార్‌లోనే. మా వీధి ఆటో రోజుకు 120 కిలోమీటర్లు తిరుగుతుంది, అదీ జనం ముక్కు దగ్గరే పొగ వదులుతూ. గాలి శుభ్రపడాలన్నదే ఉద్దేశమైతే ప్రజల డబ్బు ముందు ఎటు వెళ్లాలి?

నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నదేమీ లేదు. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో సబ్సిడీ స్కూటర్లకు, ఆటోలకు, బస్సులకు, లారీలకు, అంబులెన్సులకు పెట్టారు గానీ సొంత కార్లకు పెట్టలేదు. ఆ పథకం కిందే హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. పక్కనున్న కర్ణాటక 2024 నుంచి 25 లక్షలు దాటిన ఎలక్ట్రిక్ కార్ల మీద 10 శాతం లైఫ్ ట్యాక్స్ వేస్తోంది. నార్వే 2023లోనే వ్యాట్ మినహాయింపును 5 లక్షల క్రోనర్ల (అక్కడి కరెన్సీ) దగ్గర ఆపేసింది, ఆపైన ఉన్న ధరకు పన్ను కట్టాల్సిందే. అయినా మరుసటి ఏడాది అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. పన్ను వేస్తే ఎవరూ కొనరన్న భయానికి ఇది జవాబు. మహారాష్ట్ర 2025లో 30 లక్షలు దాటిన వాటికి 6 శాతం అని బడ్జెట్‌లో ప్రకటించి వెనక్కి తీసుకుంది, అదీ తెలుసు. మనం అలా వెనకాడకూడదని నా కోరిక. సగం పన్ను వేసినా పెట్రోల్ కారు కంటే ఎలక్ట్రిక్ కారుకే లైఫ్ ట్యాక్స్ తక్కువ పడుతుంది. ఇంధనం ఖర్చు ఎలాగూ తక్కువే. కోటి రూపాయలు పెట్టగలిగినవాళ్లు ఆ మాత్రానికి మనసు మార్చుకోరు.

జీవో 41 గడువు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. పొడిగించేటప్పుడు రవాణా శాఖ మూడు పనులు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. స్కూటర్లకు, ఆటోలకు, పాతిక లక్షల లోపు కార్లకు మాఫీ ఇప్పటిలాగే ఉంచాలి. ఆపై ధర కార్లకు పెట్రోల్ కారు లైఫ్ ట్యాక్స్‌లో సగమైనా వేయాలి. అలా వచ్చిన డబ్బును ఖజానాలో కలిపేయకుండా విడిగా ఉంచి, ఆటో స్టాండ్ల దగ్గర ఛార్జింగ్ పాయింట్లకు, ఎలక్ట్రిక్ ఆటోల అప్పు వడ్డీకి వాడాలి. ఏ స్టాండులో ఎన్ని పాయింట్లు పెట్టారో మూడు నెలలకోసారి శాఖ వెబ్‌సైట్‌లో పెడితే మా వీధి ఆటో అతను కూడా చూసుకుంటాడు. ఈ లేఖ పంపేముందు బావగారికి చదివి వినిపించాను. "పదమూడు లక్షలు కట్టమన్నా నేను ఇదే కారు కొనేవాణ్ని" అన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్