శనివారం సంఘ కూటమి: ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) విషయం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో ముప్పావు గంట వాదన నడిచింది. బిర్యానీ ట్రేలు కారు డిక్కీలోనే చల్లారిపోయాయి. ఇక కూర్చునే మాట్లాడుకుందాం.

ఈ శనివారం సాయంత్రం 5కి, ఫెలోషిప్ హాల్లో.

వచ్చేముందు అసలు సంగతి తెలుసుకోండి. స్వలింగ సంపర్కులకు పాస్టర్‌గా ఆర్డినేషన్ ఇవ్వకూడదన్న 1984 నాటి నిషేధాన్ని మన యునైటెడ్ మెథడిస్ట్ చర్చి 2024 మే 1న అమెరికాలోని షార్లెట్‌లో ఎత్తేసింది. ఓట్లు 692–51. స్వలింగ వివాహం జరిపించమని ఏ పాస్టర్‌నీ బలవంతపెట్టరు, జరిపిస్తే శిక్షా లేదు.

"ఇండియాలో మా ఊరి చర్చి కూడా మారిందా అయ్యగారూ?" అని ముగ్గురు ఫోన్ చేశారు. లేదండీ. మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా 1981 నుంచే స్వతంత్రం. ఈ ఓటు దానికి వర్తించదు.

నా అభిప్రాయం శనివారం మీ ఎదురుగానే చెబుతాను, నచ్చకపోతే అడగండి.

బైబిలు తెచ్చుకోండి. ప్రశ్న చీటీ మీద రాసి తెండి, పేరు అక్కర్లేదు. ఫార్వర్డ్ వీడియోలు గ్రూపులో వద్దు. మన పిల్లలూ ఇవన్నీ చదువుతున్నారు, వాళ్లలో ఎవరి మనసులో ఏముందో మనకు తెలియదు.

రాలేనివాళ్లు శుక్రవారంలోపు నాకు ఫోన్ చేయండి. టీ నేను చూసుకుంటా, పులిహోర ఎవరు తెస్తున్నారు?